వెలుగు పక్కకు తిప్పు

ఖాళీ చేతులతో నేను పైకొచ్చిన బావి ఈ పాతబస్తీలో ఇంకా తవ్వలేదు, ఈ మాట పొద్దున సైకిల్ తొక్కుతూ అనుకున్నాను, దారిలో సోడా తాగుతూ అనుకున్నాను, బేగంబజార్‌లో ఇత్తడి సామాన్ల సేటుకైతే ఏడేళ్లుగా చెబుతూనే ఉన్నాను, నేను దిగుతున్నానని తెలిస్తే నీళ్లలో బిందెలు వరసగా లేచి నిలబడతాయని, హుస్సేనీ ఆలంలో ఒక వంట డేగిశా తీశానని, అదెంత పెద్దదంటే ఆ ఇంటివాళ్లు కప్పు కారుతోందని వానాకాలమంతా దాంట్లోనే కాపురమున్నారని, ఇంకో బావిలో ఎంత లోతుకు పోయానంటే అడుగున అవతలి దేశంవాళ్లు నీళ్లు చేదుకుంటూ కనబడ్డారని, వాళ్ల బొక్కెన కూడా తీసిచ్చానని, వాళ్ల పైసలు ఇక్కడ చెల్లవు కాబట్టి ఉద్దెర పెట్టి వచ్చానని, సేటు నవ్వడు, నేనూ నవ్వను, నవ్వితే అబద్ధమని తెలిసిపోతుంది, కానీ ఇప్పుడు జహనుమాలో చంద్రమ్మ ఇంటి బావి గట్టు మీద కూర్చుని నడుముకు తాడు బిగిస్తుంటే ఆ మాట గొంతులో అడ్డం పడింది, ఎందుకంటే నేను ఖాళీ చేతులతో పైకొచ్చిన బావి ఒకటుంది, అది ఇదే, రెండు నెలల కింద, ఏప్రిల్ ఎండలో, ఈ గట్టు మీదే నిలబడి రెండు చేతులూ చాపి చూపించాను, బురద తప్ప ఏమీ లేదని, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతుంటే చంద్రమ్మ నా చేతుల వంక చూడలేదు, తన కోడలి మొహం వంక చూసింది.

ఇవాళ పడ్డది బొక్కెనట, ఉత్త ఇనుప బొక్కెన, చంద్రమ్మ కొడుకు రామ్‌చందర్ నిన్న మా గల్లీకొచ్చాడు, రైల్వేలో పనిచేస్తాడు, ఎక్కువ మాట్లాడితే జీతంలో కోస్తారన్నట్టు ఉంటాడు, సైకిల్ దిగకుండానే బావిల బొక్కెన పడ్డది, అమ్మ రమ్మన్నది, అని చెప్పి పోయాడు, నేను వెంటనే సరే అన్నాను, ఆ సరే అన్నవాడెవడో నాకు తెలీదు, నేనైతే ముందు నీళ్లెంత ఉన్నాయని అడగాలి, గాలిలో వేళ్లతో లెక్కలు కట్టాలి, ఆఖరికి అయ్యో అని ఒక నిట్టూర్పు విడవాలి, ఆ నిట్టూర్పుకే పావలా వస్తుంది, అది మా ఆగయ్యమామ నేర్పిన విద్య, మా అమ్మకు తమ్ముడు, నలభై ఏళ్లు ఈ ఊరి బావుల్లో పడ్డవి తీసి బతికాడు, గడపల కాలు వెట్టంగనే తలుపు చెక్క చూడురా వైకుంఠం, మల్ల ఇంటామె గాజులు చూడు, బావి ఆఖరికి చూడు, అప్పుడు చెప్పు ధర, అనేవాడు, ఇనుప బొక్కెనకు రూపాయి, ఇత్తడి బిందెకు రెండున్నర, బంగారమైతే తులానికి ఐదు, పైన చాయ్, ఏం పడిందో దిగకముందే ఇంటివాళ్లతో పేరుపెట్టి చెప్పించుకోవాలి, దొరకగానే అడుగునుంచే మూడుసార్లు అరవాలి, దొరికింది దొరికింది దొరికింది అని, పైనున్న వాళ్లందరికీ వినబడేటట్టు, ఆ అరుపుతో వస్తువు వాళ్లదైపోతుంది, కూలి మనదైపోతుంది, ఇక ఏ లొల్లీ ఉండదు, దొరికినంక ఒర్లకుండ పైకొచ్చినోడు దొంగరా అనేవాడు మామ, ఆయన పోయి రెండేళ్లు, కానీ నేను ఎక్కడ దిగినా ఆయన గొంతు నాకంటే నాలుగు మెట్లు ముందే దిగుతుంది, కింద కూర్చుని నా కోసం కాచుకుంటుంది, అందుకే ఈమధ్య పనులు తగ్గించాను, నల్లాలొచ్చి బావుల గిరాకీ పోయిందని అందరికీ చెబుతున్నాను, నల్లా వచ్చేది రోజు విడిచి రోజు గంటసేపు, అది కూడా నీళ్లకంటే గాలే ఎక్కువ, ఇవాళ చంద్రమ్మ ఎంత తీసుకుంటవ్ పోరడా అని అడిగితే నా నోట్లోంచి మీ ఇష్టం అమ్మా అని వచ్చింది, ఆ మాట మా వంశంలో ఇంతకుముందు ఎవరూ వాడలేదు, మా తాత చచ్చేముందు నీళ్లు ఎన్ని చుక్కలు పొయ్యాలో కూడా బేరమాడి పోయాడు, చంద్రమ్మ వక్క నమలడం ఆపింది, మా ఇష్టమా, పోయినసారి ఎనిమిదికి ఒప్పుకోనీకె పొద్దంత కొట్లాడినవ్ గదరా, పానం బాగలేదా, అంది, నేను నవ్వాను, ఆ నవ్వు నాకే చల్లగా తగిలింది, అద్దం పిల్ల పట్టుకుంటది, దిగు, అంది, ఏ పిల్ల అని నేను అడగలేదు, పక్కింటి కాశమ్మ కూతురేమో అనుకున్నాను, అడిగితే పేరు వినాలి కదా.

మొదటి మెట్టు రాయి, రెండోది, మూడోది కొంచెం కదులుతుంది జాగ్రత్త, ఈ మెట్లు నా ఇంటి మెట్లకంటే నాకు బాగా గుర్తు, మా ఇంటికి మెట్లే లేవు, దిగేకొద్దీ చల్లదనం పాదాలనుంచి మోకాళ్లకెక్కుతోంది, పైన ఆకాశం పళ్లెమంత అయింది, అప్పుడు వచ్చి నా భుజం మీద పడింది అద్దం వెలుగు, అరచెయ్యంత ఉంటుంది, లోపలంతా చీకటి కాబట్టి పైన ఒకరు అద్దాన్ని ఎండకు పట్టి ఆ వెలుగును కిందికి పంపాలి, నేను ఎటు పోతే అటు తిప్పాలి, చాలామందికి చాతకాదు, చేతులు వణుకుతాయి, వెలుగు కప్పలా గెంతుతుంది, ఆ ఏప్రిల్‌లో ఆండాలు చేతులు మాత్రం వణకలేదు, చంద్రమ్మ కోడలు, పెళ్లయి ఏడాది కూడా కాలేదు, గట్టు పక్కన మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో అద్దం పట్టుకుంది, నా చేయి ఎక్కడికి పోతే అక్కడికి వెలుగు, ఆ వెలుగు వెనకాలే ఆమె కళ్లు, ఎందుకు వణుకుతాయి మరి, ఆమె బతుకంతా ఆ అడుగున ఉంది, అత్త గొలుసు, రెండు తులాలది, ఎవరి పెళ్లికో ఆమె మెడలో వేసుకుపోయింది, తెల్లారి నీళ్లు చేదుతూ వంగితే కొక్కెం ఊడి బావిలో పడిపోయింది, ఆమె చెప్పింది అంతే, కానీ ఆమె తండ్రి మొగులయ్యది హుస్సేనీ ఆలంలో పాల వ్యాపారం, నాలుగు బర్రెలు, వాటికి తగ్గ అప్పులు, గొలుసు బావిలో పడలేదు, హుస్సేనీ ఆలంలో పడింది అని చంద్రమ్మ అనుమానం, ఆ మాట కోడలి ముందే నాతో అంది, గొలుసు దొర్కితే పిల్లది నిజం, దొర్కకుంటే మాకు తెలుస్తది, చూసి చెప్పు, అంది, అది తీర్పు అని నాకప్పుడు తెలీలేదు, నాకు తెలిసిందల్లా అది రెండు తులాలు అని.

పాతిక రూపాయలు అడిగాను, అడుగున ఏడు పడగల పాము ఉందన్నాను, రెండు పడగలు పోయినేడు నేనే నరికానన్నాను, నీళ్లు మూసీ కింద నుంచి తిన్నగా సముద్రానికి కలుస్తాయని, ఊపిరి బిగపడితే నాకు కళ్లముందు మా మామ కనబడతాడని చెప్పాను, ఆ ఆఖరిది అబద్ధం కాదు, చంద్రమ్మ ఎనిమిది అంది, ఇరవై అన్నాను, ఎనిమిది, పదిహేను, ఎనిమిది, ఆమె అసలు కదలదు, రాతిని బేరమాడినట్టు ఉంది, పది అయితే మామ కట్టిన ధర అమ్మా అన్నాను, చాయ్ కూడా వద్దన్నాను, అప్పుడామె అంది, గింత దానికి పదేందిరా, నీళ్లల్ల మునిగి లేసుడే గదా, బాతు గూడ జేస్తది.

బాతు, అది చెవిలో పడిపోయింది, ఆ చెవిలోంచి నేను ఇప్పటిదాకా దాన్ని తీయలేకపోయాను, నలభై ఏళ్ల మామ విద్య, పగిలిన నా చెవి గూబ, చలికాలం రక్తం పడే ముక్కు, అన్నీ కలిపి ఒక బాతు, సరే ఎనిమిదే అని దిగాను, మొదటి మునకలోనే దొరికింది, నీళ్లు రొమ్ముదాకా, బురదలో కాలి వేలికి చేపపిల్లలా తగిలింది, పట్టుకుని లేచాను, గొలుసు పిడికిట్లో ఉంది, పిడికిలి ఇంకా నీళ్లలో ఉంది, మూడుసార్లు అరవడానికి నోరు తెరిచాను కూడా, దొరికింది అన్న మాట పళ్లదాకా వచ్చింది, అప్పుడు బాతు గుర్తొచ్చింది, నీళ్లకు జానెడు పైన రాళ్ల మధ్య ఒక సందు ఉంది, చేయి మోచేతిదాకా పడుతుంది, ఈ పని అంతకుముందు నాలుగుసార్లు చేశాను, ఎవరికీ చెప్పలేదు, మామకు అసలే చెప్పలేదు, బేరంలో పిసినారితనం చేసినవాళ్ల వస్తువును సందులో దాచి పైకొచ్చి దొరకలేదంటే వాళ్లు బతిమాలుతారు, మర్నాడు ధర పెరుగుతుంది, శారదమ్మ చెంబు అట్లాగే రూపాయినుంచి మూడు రూపాయలైంది, పైగా ఆమె నన్ను దేవుడన్నది, అందులో పాపమేముంది, వస్తువు వాళ్లకే చేరుతుంది, ఒక్క రాత్రి ఆలస్యంగా, అంతే, కానీ వెలుగు నా చేయి మీద ఉంది, కదలకుండా ఉంది, తల ఎత్తి చూస్తే తెల్లటి మంట తప్ప ఏమీ కనబడలేదు, చెల్లే, వెలుగు జర పక్కకు తిప్పు, కండ్లల్ల కొడుతున్నది, అన్నాను, పాపం ఆమె వెంటనే తిప్పింది, అయ్యో అన్నా అని కూడా అంది, ఆ చీకట్లో గొలుసును సందులోకి తోశాను, రాయికి తగిలి చిన్న చప్పుడు చేసింది, సన్నగా, పళ్ల మధ్య బియ్యపు రాయిలా.

తర్వాత గట్టెక్కి చేతులు చాపాను, లేదమ్మా అన్నాను, చంద్రమ్మ సరింగ చూసినవా అంది, ఇక్కడ బతిమాలాలి కదా, నేను దానికోసమే నిలబడ్డాను, కొంచెం ఊరించడానికి నా పాత మాట వాడాను, అమ్మా, వైకుంఠం లేదన్నడంటే ఆ బావిల లేనట్టే, అన్నాను, అది నేను ఊరంతా చెప్పుకునే గొప్ప, ఎవరూ నమ్మరు, నవ్వుతారు, ఆమె నమ్మింది, ఈ ఊళ్లో నా మాట నమ్మిన మొదటి మనిషి ఆమె, రేపు పెద్ద గాలం తెస్త, ఇంకో తాప దిగుత అని చెబుదామనుకుంటే ఆమె చెయ్యెత్తి ఆపింది, అక్కర్లేదు బిడ్డా, వేరేటోడైతే రేపొస్త ఎల్లుండొస్త అని పైసలు గుంజుతుండె, నువ్వు నీతిగల్లోనివి, అని కొంగు ముడి విప్పి రెండు రూపాయల నోటు నా తడి చేతిలో పెట్టింది, ఖాళీ చేతులకు కూలి లేదు అని మా విద్యలో రూలు, నేను తీసుకున్నాను, ఆండాలు ఇంకా అద్దం పట్టుకునే ఉంది, అద్దంలో ఆకాశం మాత్రమే ఉంది, ఒక్కసారి నన్ను చూసి, సరింగ చూసినవా అన్నా, అంది, ఏడవలేదు, గట్టిగా అనలేదు, నేను సైకిలెక్కాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను, ధర కూడా తగ్గించుకుని వెళ్లాను, దారంతా ఆ ఎనిమిదే ఇవ్వమందామనుకున్నాను, కానీ అప్పటికే ఆమెను పుట్టింటికి పంపేశారు, చంద్రమ్మ తలుపు సగం తెరిచి, ఇగ బావితోని మాకు పనిలేదు బిడ్డా, దొంగ ఎవరో తెల్సింది, అంది, వారం తర్వాత ఇంకోసారి వెళ్లాను, బావి పూడిక తీస్తాను, పైసలొద్దు, ఉత్తగనే చేస్తాను అన్నాను, ఉత్తగనా, ఉత్తగ ఎవడు జేస్తడు, ఏం మతలబు, అని తలుపేసింది, చూశారా, అబద్ధానికి రెండు రూపాయలు ఇచ్చిన తలుపు నిజానికి వచ్చేసరికి గొళ్లెం పెట్టుకుంది, నేనూ ఆ గుమ్మం ముందే నిలబడి చెప్పొచ్చు కదా, సందులో నేనే పెట్టిన అని, నాలుగు మాటలు, చెప్తే ఏమవుతుందో కూడా తెలుసు, ఏ ఇంట్లోనూ లోపలి వాకిట్లోకి రానివ్వరు, బావులన్నీ లోపలి వాకిట్లోనే ఉంటాయి, బిందెలు అక్కడే, ఆడవాళ్లు అక్కడే, నమ్మితేనే మా కడుపు నిండుతుంది, మామ నలభై ఏళ్లు మునిగి సంపాదించింది ఆ ఒక్కటే, అది నా చేతిలో పెట్టి పోయాడు, ఆ నోటు మాత్రం జేబులోనే ఉంది, ఖర్చు చేద్దామని మూడుసార్లు ఇరానీ హోటల్లో కూర్చున్నాను, చాయ్, ఉస్మానియా బిస్కెట్, తీరా ఇవ్వబోతే నోటు ఇంకా తడిగా ఉన్నట్టు అనిపించింది, రెండు నెలలుగా ఎండల్లో ఆరని నోటు ఈ దేశంలో అదొక్కటే, మళ్లీ జేబులో పెట్టుకుని ఉద్దెర చెప్పాను.

ఆ తర్వాత ఒక వెలుగు నా వెంట పడింది, అరచెయ్యంత, మంగలి షాపు ముందునుంచి పోతే అద్దంలోంచి ఎగిరి నా మెడ మీద కూర్చుంటుంది, సిటీ బస్సు కిటికీ తిరిగితే ఎదుటి గోడ మీద పరిగెత్తుతుంది, నేను పక్క సందులోకి దూకుతాను, స్టీలు గ్లాసులో నీళ్లు తాగితే ఇంటి దూలం మీద వణుకుతూ కనబడుతుంది, మా అమ్మ ఏందిరా గట్ల చూస్తవ్ అంటుంది, గడ్డం చేయించుకుని నెల దాటింది, నన్ను చూసి చిన్నపిల్లలు దండం పెడుతున్నారు, సైకిల్ గొలుసు అరుస్తుంటే నూనె పోశాను, అది ఇంకా సన్నగా అరిచింది, ఇక దిగి చేత్తో నడిపించుకుంటూ పోయాను, ఎటు పోయినా దారి హుస్సేనీ ఆలంలోకే తిరుగుతుంది, మొగులయ్య కొట్టం ముందు రోజూ బర్రెలు లెక్కపెట్టేవాణ్ని, నాలుగు, నాలుగు, నాలుగు, ఒకరోజు మూడు, నాలుగో గుంజకు తాడు ఒక్కటే ఉంది, పాలు కొనే ఒకామె పాలెందుకు తక్కువ పోస్తున్నవ్ అని అడుగుతోంది, మొగులయ్య చెంబు కడుగుతూ, పెద్ద బర్రెను అమ్మిన అక్కా, గొలుసు పైసలు కట్టిన, బిడ్డ కాపురం నిలబడాలె గదా, అన్నాడు, ఆమె గొంతు తగ్గించి, నిజంగనే గొలుసు నీ ఇంటికి తెచ్చిందా, అంది, నా బిడ్డ అబద్ధమాడదు అక్కా, అని ఊరుకున్నాడు, కడిగిన చెంబునే మళ్లీ కడిగాడు, కానీ బావిల దిగినోడు లేదన్నడట, గతనికి మాతోని ఏం పగ ఉన్నది, ఉత్తగ ఎందుకంటడు, అన్నాడు, నేను అక్కడే సైకిల్ పట్టుకుని నిలబడ్డాను, గతను నేనే, తండ్రి కూడా నన్నే నమ్మాడు, నాకు ఇంతమంది నమ్మకం ఎప్పుడూ దొరకలేదు, బావిలో బర్రె పడితే తీయడానికి పది రూపాయలు అడుగుతాను నేను, అలాంటిది ఎనిమిది చాల్లేదని నేనే వీళ్ల బర్రెను బావిలో తోసినట్టు చేశాను, ఆ పిల్ల మళ్లీ అత్తింటికి వచ్చిందో లేదో నేను ఎవరినీ అడగలేదు.

అందుకే చంద్రమ్మ బావిలో ఏదో ఒకటి పడాలని నేను మొక్కని చోటు లేదు, మైసమ్మకు మొక్కాను, దర్గాలో చాదర్ కప్పుతానని ఒప్పుకున్నాను, చర్చి ముందునుంచి పోతూ లోపలున్నాయనకు ఒక దండం పెట్టాను, ముగ్గురిలో ఎవరు తోశారో గానీ బొక్కెన పడింది, దిగుతాను, బొక్కెన తీస్తాను, గొలుసు సందులోంచి తీసి బురద పూసి దొరికింది దొరికింది దొరికింది అని అరుస్తాను, పోయినసారి బురద కింద ఉండిపోయిందమ్మా, వానకు పైకి తేలింది అంటాను, బంగారం తేలదు, తేలుతుందని చెప్పి ఒప్పిస్తాను, అంతకంటే పెద్దవి ఒప్పించాను, బర్రె పైసలు తిరిగిపోతాయి, పిల్ల పేరు తెల్లబడుతుంది, నేను మళ్లీ బేరమాడతాను, పాముకు మళ్లీ రెండు పడగలు మొలుస్తాయి, అన్నీ ఎక్కడివక్కడికి పోతాయి, ఈ వారమే కావాలి ఇది, మిరుగు కార్తె వచ్చేసింది, రెండు వానలు పడ్డాయి, ఇంకో గట్టి వాన పడితే సందులోకి నీళ్లు వస్తాయి, గొలుసు ఏ ఊటలో కొట్టుకుపోతుందో ఎవడికి తెలుసు.

నీళ్లు ఇప్పుడు భుజాలదాకా ఉన్నాయి, సందు నాలుగు వేళ్లు పైన నల్లగా నోరు తెరుచుకుని ఉంది, చూడలేదు నేను, చూడనట్టు మునిగాను, బొక్కెన అక్కడే ఉంది, నిటారుగా, ఎవరో పెట్టినట్టు కూర్చుని ఉంది, చేతికి తీసుకుని తాడు మొన పట్టుకున్నాను, వేళ్లకు ముందు తెలిసింది, తర్వాత నాకు తెలిసింది, తెగిన తాడుకు మీసాలుంటాయి, పోగులు పోగులుగా విచ్చుకుంటుంది, ఏడేళ్లలో వెయ్యి తాళ్లు చూశాను, ఇది తెగలేదు, కోశారు, కత్తిపీట మీద పెట్టి ఒక్క లాగు లాగితే ఇట్లా మొన నున్నగా వస్తుంది, ఎవరు కోస్తారు, ఇనుప బొక్కెనను కావాలని బావిలో ఎవరు వేస్తారు, ఎందుకు వేస్తారు, రూపాయి ఖర్చుపెట్టి నన్ను పిలవడానికి కాకపోతే, తల ఎత్తాను, వెలుగు నా చేయి మీద ఉంది, వణకడం లేదు, ఒక్క వెంట్రుక కూడా వణకడం లేదు, కాశమ్మ కూతురు కాదు ఇది, ఈ చేతులు నాకు తెలుసు.

బొక్కెనను గిరక తాడుకు కట్టి పైకి పంపాను, ఆలస్యం చేశాను, ముడి రెండుసార్లు వేశాను, గిరక కిర్రుమంటూ లాగింది, పైన చంద్రమ్మ వచ్చె వచ్చె అంటోంది, ఇక నేను ఎక్కాలి, పని అయిపోయింది, ఉత్త చేతులతో ఎక్కితే ఎవరూ ఏమీ అనరు, బొక్కెన దొరికింది కదా, కానీ మెట్టు మీద పెట్టిన కాలు మళ్లీ నీళ్లలోకి వచ్చింది, సందు దగ్గరికి జరిగాను, వెలుగు కూడా జరిగింది, ఎడమ పక్కకు వెళ్లాను, వచ్చింది, గోడకు ఆనుకుని చేయి వెనక్కి పెట్టాను, వెలుగు నా ఛాతీ మీద ఆగి కాచుకుంది, ఒర్లకుండ పైకొచ్చినోడు దొంగరా, అన్నాడు మామ నీళ్ల పక్కనుంచి, సరే మామా, తీయనీ, తీసి ఒర్లుతా, ఒక్క నిమిషం చీకటి కావాలి, గొలుసు సందులోంచి వచ్చినట్టు కాకుండా నీళ్లలోంచి వచ్చినట్టు కనబడడానికి, అరచెయ్యంత చీకటి చాలు, నోరు తెరిస్తే పాత మాటే వచ్చింది, అదే మాట, అదే గొంతు, వెలుగు జర పక్కకు తిప్పు, కండ్లల్ల కొడుతున్నది.

వెలుగు కదలలేదు.

పోయినసారి అడిగితే తిప్పిన అన్నా, అంది పైనుంచి, ఈసారి తిప్ప.

ఆ గొంతు బావి గోడలను తాకుతూ దిగింది, కోపం లేదు అందులో, పుట్టింట్లో రోజుల తరబడి కూర్చుని ఒకే మాటను తిప్పి తిప్పి చూసిన గొంతు, వెతికేవాడు వెలుగు వద్దని ఎందుకంటాడు అని, పాలు పోస్తూ, పేడ తీస్తూ, తాడు ఒక్కటే ఉన్న గుంజను చూస్తూ, వెతికేవాడు వెలుగు వద్దని ఎందుకంటాడు, ఆ తర్వాత బర్రె పైసలతో ఈ ఇంటికి తిరిగొచ్చి, దొంగ అన్న పేరుతో వంట చేసి, ఒకనాడు తాడును కత్తిపీట మీద పెట్టింది, నేను ఆమెను ఇన్నాళ్లూ ఏడుస్తూ ఊహించుకున్నాను, ఆమె లెక్క చేస్తూ కూర్చుంది, చేతిని మెల్లగా ఎత్తాను, వెలుగు దారి చూపించింది, నాకంటే ముందే సందులోకి పోయింది, లోపల గొలుసు ఒక్కసారి మెరిసింది, ఎక్కడ పెట్టానో అక్కడే, సాలెపురుగు దాని మీద గూడు కూడా కట్టింది, ఒక చిన్న సంసారం, తీశాను, రాయికి తగిలి ఆ చప్పుడు మళ్లీ చేసింది, ఈ రెండు నెలలూ నా వెంట తిరిగిన చప్పుడు.

దొరికింది దొరికింది దొరికింది, అరిచాను, బావి నా మాట నాకే తిప్పికొట్టింది, పైన కలకలం, చంద్రమ్మ గట్టు మీదికి వంగింది, ఆమెకు కళ్లు సరిగా ఆనవు, బావిలో నేను ఒక నల్లటి మరకలా కనబడతానంతే, ఏం దొరికిందిరా, బొక్కెన వచ్చె గదా, అంది, గొలుసమ్మా అన్నాను, ఆమె గొంతు మారిపోయింది, యాడ దొరికిందిరా బిడ్డా, బురదలనా, అంది, చూడండి, ఆమే ఇచ్చింది అబద్ధం, నేను అడగనుకూడా లేదు, పళ్లెంలో పెట్టి అందించింది, అవునమ్మా అంటే చాలు, పిల్ల పేరు తెల్లబడుతుంది, నా పేరు ఇంకా తెల్లగా ఉంటుంది, ఊళ్లో చెప్పుకోవడానికి ఏడు తరాల కథ, రెండు నెలల తర్వాత బురదలోంచి బంగారం తీసిన వైకుంఠం, అవునమ్మా అనడానికి నోరు తయారుగా ఉంది, నా నోరు ఎప్పుడూ తయారుగానే ఉంటుంది, ఆండాలు మాత్రం వెలుగును గొలుసు మీదనుంచి తీసి నా మొహం మీద పెట్టింది, నిజంగా కళ్లల్లో కొట్టింది ఈసారి, నేను తిప్పమనలేదు.

బురదల కాదమ్మా, అన్నాను, సందుల ఉండె, నేనే పెట్టిన, గానాడు మొదటి మునకలనే దొరికింది, ఎనిమిదికి రోషమొచ్చి దాచిన, రేపు పాతిక గుంజుదామని, నీ కోడలు నిజమే చెప్పింది.

బావి ప్రతి మాటా రెండోసారి చెప్పింది, దాచిన, దాచిన, నాకు నేనే సాక్షిలా, గిరక మీద కాకి వాలి లేచిపోయింది, ఎవరో వాకిలి మెట్ల మీద కూర్చున్న చప్పుడు, చంద్రమ్మే అయ్యుంటుంది, మొహం మీది వెలుగు మెల్లగా కిందికి జారింది, మెడ మీదుగా, చేయి మీదుగా, గోడ పట్టుకుని పాకి అడుగు మెట్టు రాయి మీద ఆగింది, కాలు పెట్టాల్సిన చోట, నేను కాలు పెట్టాక దాని పై రాయి మీదికి వెళ్లింది, పైనుంచి మూడోది కదులుతుంది కాబట్టి అక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగింది, గొలుసు మణికట్టుకు చుట్టుకుని, గట్టు మీద చొక్కా జేబులో ఉన్న తడి నోటును తలుచుకుంటూ, మొగులయ్య కొట్టంలో నాలుగో గుంజను తలుచుకుంటూ ఎక్కుతున్నాను, గట్టు అంచు మీద చేయి పడేసరికి చంద్రమ్మ అంది, గొంతు ఎక్కడో దూరంనుంచి వచ్చినట్టు, బర్రెకు ఎంత కడతవ్, నా కోడలి రెండు నెలలకు ఎంత కడతవ్, చెప్పురా, నువ్వే చెప్పు ధర, అంది, తలుపు చెక్క చూడాలి, గాజులు చూడాలి, ఆఖరికి బావి చూడాలి, నేను ఏదీ చూడలేదు, ఈ ఒక్క పనికి ధర కట్టాల్సింది నేను కాదని, వాళ్లు ఎంత చెబితే అంతే అని, ఏడేళ్లలో మొదటిసారి నిజంగా తెలిసింది, పొద్దున ఊరికే అన్న మాటనే మళ్లీ అన్నాను.

మీ ఇష్టం అమ్మా.